పంచాయతీ రాజ్యమునకు బాట వేసిన బల్వంతరాయ్ మెహతా

తీర్మానముల పుస్తకమున సంతకము చేయునపుడు, ఆ అధికారము తమకెట్లు సంక్రమించినదను ప్రశ్న పంచాయతి సభ్యులకు సాధారణముగా తోచదు. ఆ చరిత్రలో గుజరాతు నాయకులగు శ్రీ బల్వంతరాయ్ మెహతా పేరు ముఖ్యమైనది.

శ్రీ మెహతా 1900వ సంవత్సరమున భావనగరు సంస్థానమున జన్మించిరి. కళాశాల చదువు ముగించియు, విదేశ ప్రభుత్వ మొసగు పట్టమును నిరాకరించి, 1920లో సహాయ నిరాకరణోద్యమమున చేరిరి. మరుసటి యేట భావనగరు ప్రజామండలిని స్థాపించిరి. సంస్థాన ప్రజలపై రాజుల బరువు, దొరల బరువు రెండును ఉండెడివి గదా! 1928లో బార్డోలీ రైతుల సత్యాగ్రహమున పాల్గొనిరి. మొత్తము ఏడు సంవత్సరములు చెరసాలలో గడపిరి.

1952 అక్టోబరు 2న దేశమున సమాజ వికాస పథకము ప్రారంభమయ్యెను. అధికారులు వచ్చిరి, నిధులు వచ్చినవి. కాని ప్రజలు మాత్రము ప్రేక్షకులవలె నిలిచిరి. కారణ మేమి? ఈ విషయమును పరిశీలించుటకు 1957 జనవరిలో శ్రీ మెహతా అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడెను. ఆ యేడు నవంబరులో వెలువడిన నివేదిక సూటిగా నుండెను: బాధ్యతయు, అధికారమును, ధనమును ఎన్నికైన స్థానిక సంస్థలకు అప్పగింపనిదే ప్రజలలో చొరవ పుట్టదు. గ్రామ పంచాయతి, సమితి, జిల్లా పరిషత్తు అను మూడంచెలను సంఘము సూచించెను. సమితికే అధిక ప్రాధాన్య మొసగి, జిల్లా పరిషత్తును సలహాకు, పర్యవేక్షణకు పరిమితము చేయుట ఒక లోపమే యనవచ్చును. 1978 నాటి అశోక్ మెహతా సంఘము జిల్లాకు ప్రాముఖ్య మిచ్చినది. (ఇరువురి ఇంటిపేరు ఒక్కటే యగుటచే పొరపడువారు కలరు.)

1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరునందు, అక్టోబరు 11న మన షాద్‌నగరునందు ప్రధాని నెహ్రూ ఈ విధానమును ప్రారంభించిరి. నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సమితులు ఏర్పడినవి. 1980 దశాబ్దమున సమితుల స్థానమున మండలములు వచ్చినవి. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణతో పంచాయతీలకు రాజ్యాంగ రక్షణ లభించినది.

శ్రీ మెహతా 1963లో గుజరాతు ముఖ్యమంత్రి యైరి. 1965 సెప్టెంబరు 19న, పాకిస్తానుతో యుద్ధము జరుగుచుండగా, వారు కచ్ఛు సరిహద్దునకు పోవుచున్న విమానమును శత్రు యుద్ధవిమానము కూల్చెను. వారును, వారి సతీమణియు, తోడివారును మృతి చెందిరి. అప్పటికి మన సమితులు ఆరవ యేట నడుచుచుండెను.