విడుదలైన వానికి తోడెవరు?

ఏలూరు జైలు నుండి ఒక యువకుడు విడుదలై వచ్చాడనుకుందాం. చేసిన తప్పుకు శిక్ష అనుభవించాడు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకు వెళితే ముఠాలో చేర్చుకోరు. కొల్లేటి చేపల చెరువు మీద కాపలా పని అడిగితే, దొంగకు తాళం ఇస్తామా అంటారు. పాత స్నేహితులు మాత్రం ఆదరిస్తారు. న్యాయస్థానం వేసిన శిక్షకు గడువుంది. మనం వేసే శిక్షకు గడువేది? అతడు మళ్ళీ నేరానికి దిగితే ఆ బాధ్యతలో మనకు వాటా లేదా?

యాచనకు వచ్చిన ఒక అన్సారీ ఉదంతం పాఠకులకు తెలిసిందే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అతని ఇంట్లోని గుడ్డను, గిన్నెను వేలం వేయించారు. వచ్చిన రెండు దిర్హములలో ఒకదానితో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. దానికి స్వహస్తాలతో కర్ర బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని చెప్పి, పదిహేను రోజుల తర్వాత కనబడమన్నారు. అతడు నేరస్తుడు కాడు. అయినా తిండి, పనిముట్టు, గడువు, తిరిగి విచారణ అనే ఈ నాలుగూ పడిపోయిన ఏ మనిషినైనా లేపే పద్ధతి.

మన దేశ చట్టంలోనూ ఇందుకు చోటుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం, మరణశిక్ష గాని యావజ్జీవ శిక్ష గాని పడే నేరం కానప్పుడు, పరిస్థితులను బట్టి న్యాయస్థానం దోషిని జైలుకు పంపక, మూడేళ్ళకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండుపై విడిచిపెట్టవచ్చు. ప్రొబేషన్ అధికారి అతని ఇంటి పరిస్థితులు విచారిస్తాడు, అవసరమైతే పని చూపే ప్రయత్నం చేస్తాడు, బాధితునికి నష్టపరిహారం చెల్లించేందుకు తోడ్పడతాడు. తోటివారి హక్కు తీర్చనిదే తౌబా పూర్తి కాదని నమ్మే మనకు ఈ చివరి మాట కొత్తది కాదు.

అయితే ఒక మెలిక ఉంది. దోషికి గాని, అతని జామీనుదారుకు గాని స్థిర నివాసమో, నిలకడైన ఉపాధో ఉన్నదని న్యాయస్థానానికి నమ్మకం కుదరాలి. చెరువు గట్టున పాకలో ఉండే కూలీకి, మార్కెట్టు అరుగు మీద నిద్రించే హమాలీకి ఆ రెండూ ఎక్కడివి? పరువు గల ఒక పొరుగువాడు జామీనుగా నిలిచినా దారి దొరకవచ్చు.

స్టూవర్టుపురాన్ని గుర్తు చేసుకుందాం. 1871 నాటి చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసింది. 1952లో అది రద్దయినా ముద్ర చెరగలేదు. 1970 దశకంలో అక్కడి వారి పునరావాసానికి పూనుకున్నవారు విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు. దైవాన్ని నమ్మనివారు ఆ ఇళ్ళ గడప తొక్కితే, అంతిమ దినాన జవాబు చెప్పుకోవాలని నమ్మే మనం ఎక్కడున్నాం?

తివాచీ నేత పర్షియా నుండి వచ్చిన ముస్లిం నేతగాళ్ళ ద్వారా ఏలూరు చేరిందని ప్రతీతి. మగ్గం దగ్గర ఉస్తాదు పక్కన కూర్చుని శాగిర్దు నేర్చే విద్య అది. మనిషి బాగుపడటం కూడా అంతే. ప్రతి మస్జిదు జమాఅత్ ఏడాదికి ఒక్క మనిషిని చేపట్టాలి. అతనికి ఒక తోడును, ఒక పనిని చూపాలి. అతడు పేదవాడైతే, అప్పుల్లో మునిగి ఉంటే, జకాత్‌లో అతనికి హక్కే ఉంది. పదిహేను రోజులకొకసారి అతని క్షేమం విచారించాలి. గొడ్డలి ఇవ్వడం సులువు. కర్ర బిగించి ఇవ్వడమే మన పని.