గింజ మనదే.. సంచి మీద పేరే చిక్కు!

* విత్తన బిల్లు ముసాయిదాలో రైతుకు మినహాయింపు
* విత్తనం పంచే సంఘాలు ఏ లెక్కలోకి వస్తాయన్నదే సందేహం
* సేంద్రియ సాగు నడిచేది ఆ సంఘాల మీదే

బళ్లారిలో దాన్ని 'నాటి తళి' అంటారు. హోసూరు వైపు 'నాట్టు రగం'. గడ్చిరోలి వైపు వెళ్తే 'గావరాన్'. పేరేదైనా అది మన నాటు విత్తనమే. వేపాకు, బూడిద కలిపి కుండలోనో బుట్టలోనో దాచిన జొన్న, కొర్ర, రాగి, కంది, అనప. కొట్టుకెళ్లి కొనే పని లేదు. మనింట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది. అక్కడా లేకపోతే పక్కూళ్లో. సరిహద్దు జిల్లాల్లో ఆ పక్కూరు ఒక్కోసారి పక్క రాష్ట్రంలో ఉంటుంది. అయినా గింజకు ఎల్ల తెలియదు. బంధువుల ఇంటికి పెళ్లికి పోయినవాళ్లు కొంగున కట్టుకుని తెచ్చుకున్న రకాలు ఎన్నో.

ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి కొత్త చట్టంలో ఎంత చోటు ఉంటుందన్నదే ఇప్పుడు సేంద్రియ రైతుల ముందున్న ప్రశ్న. కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో విత్తన బిల్లు ముసాయిదాను బయటపెట్టింది. డిసెంబరు 11 వరకు అభిప్రాయాలు అడిగింది. 1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్తది తేవాలన్నది ఉద్దేశం. ముసాయిదాలో రైతుకు రక్షణ ఉంది. అయితే ఆ రక్షణ ఎక్కడిదాకా అన్నది చూడాలి.

పాత చట్టం ఏం చెప్పింది?

1966 చట్టం ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకే వర్తిస్తుంది. ధ్రువీకరణ చేయించుకోవడం అమ్మేవారి ఇష్టం. అందులోని 24వ సెక్షన్ పల్లెటూరి అలవాటును ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గరే, విత్తుకోవడానికే అడిగిన మనిషికి నేరుగా అమ్మితే చట్టం పట్టించుకోదు.

నకిలీ విత్తనం అమ్మేవాళ్లకు మాత్రం ఆ చట్టమంటే భయం లేకుండా పోయింది. మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకా. మళ్లీ చేస్తే 1,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల జైలు, లేదంటే రెండూ. పత్తి విత్తనం మొలవక ఎకరాలకు ఎకరాలు దున్నేసుకున్న రైతుకు ఈ అంకెలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చట్టం మారాలన్న మాటలో తప్పు లేదు. మార్చే ప్రయత్నమూ కొత్తది కాదు.

2004 డిసెంబరులో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. రైతు తన విత్తనం అమ్ముకోవచ్చంటూనే అందులో ఒక మెలిక పెట్టారు. మొలక శాతం, స్వచ్ఛత నిర్ణీత ప్రమాణాలకు తగ్గకూడదట! కుండలో విత్తనం దాచుకునే ఆడమనిషి మొలక శాతం పరీక్ష ఏ ల్యాబులో చేయించుకోవాలి? రైతు సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. పార్లమెంటు స్థాయీ సంఘం కూడా మార్పులు కోరింది. బిల్లు గట్టెక్కలేదు. 2019లో మరో ముసాయిదా వచ్చి ఆగిపోయింది. 2025 ముసాయిదా ఆ వరుసలోదే.

తాజా ముసాయిదాలో ఏముంది?

అమ్మకానికి వచ్చే విత్తన రకాలన్నీ రిజిస్టరు కావాలి. రైతుల రకాలకు, ఎగుమతి కోసమే పండించేవాటికి మినహాయింపు. రిజిస్టరు చేసే ముందు వేర్వేరు ప్రాంతాల్లో సాగు చేసి పనితనం పరీక్షిస్తారు. డీలర్లు, విత్తనం శుద్ధి చేసే యూనిట్లు, మొక్కల నర్సరీలు కూడా నమోదు చేసుకోవాలి. సంచి మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. విత్తనం ఎక్కడ పుట్టింది, ఎన్ని చేతులు మారింది అన్నది 2023లో కేంద్రం తెచ్చిన 'సాథీ' పోర్టల్ ద్వారా తెలిసేలా ఏర్పాటు.

తప్పులను చిన్నవి, పెద్దవి అని విడదీశారు. నకిలీ విత్తనం అమ్మడం, నమోదు లేకుండా వ్యాపారం చేయడం వంటి పెద్ద నేరాలకు జరిమానా 30 లక్షల రూపాయల దాకా, జైలు మూడేళ్ల దాకా ప్రతిపాదించారు. 500 రూపాయల నుంచి 30 లక్షలకు! నకిలీ వ్యాపారుల విషయంలో ఇది మంచిదే.

ఇక రైతు సంగతి. తన పొలంలో పండిన విత్తనాన్ని విత్తుకోవచ్చు, దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. 2004 నాటి మొలక శాతం మెలిక రైతు మీద లేదు. అంతవరకు ఊరటే. చిక్కల్లా ఆ చివరి మాటతోనే.

సేంద్రియ రైతు కొట్టులో కొనలేడు

మామూలు రైతుకు విత్తనం లేకపోతే కొట్టుకెళ్లి కొంటాడు. సేంద్రియ రైతుకు ఆ దారి ఇరుకు. కంపెనీ విత్తనం చాలామటుకు శిలీంధ్రనాశినితోనో పురుగుమందుతోనో శుద్ధి చేసి వస్తుంది. చేతికి గులాబీ రంగు అంటుకునేది అందుకే. 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం నిబంధనల ప్రకారం సేంద్రియ విత్తనమే వాడాలి. దొరకనప్పుడు మందు కలపని మామూలు విత్తనం వాడుకోవచ్చు. జన్యుమార్పిడి విత్తనం మాత్రం అసలు పనికిరాదు.

పత్తి రైతు అవస్థ ఇంకా ఎక్కువ. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా అదే. విదర్భలో గానీ, రాయచూరు వైపు గానీ సేంద్రియ పత్తి వేయాలంటే బీటీ కాని విత్తనం వెతుక్కోవడమే ముందు పని. అది దొరికేది తోటి రైతుల దగ్గర, విత్తన బ్యాంకుల్లో, విత్తన సంతల్లో. అంటే సేంద్రియ రైతుకు సంఘమే విత్తనాల కొట్టు.

ఆ సంఘాలు ఇలాగే పనిచేస్తాయి. కొలిచి ఇస్తాయి. పంట వచ్చాక కొంచెం ఎక్కువ కొలిచి తీసుకుంటాయి. మిగిలింది ఇంకో ఊరికి పంపుతాయి. బీదర్‌కు కూతవేటు దూరంలోని జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను దశాబ్దాలుగా ఇలాగే కాపాడుతున్నాయి. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి దక్కింది. కొరాపుట్ సంప్రదాయ సాగును ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. నాటు వరి రకాలు కాపాడినందుకు అదే జిల్లాకు చెందిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆమె 2024లో కన్నుమూశారు. మహారాష్ట్రలో నాటు కూరగాయల విత్తనాల బ్యాంకు నడిపే రాహీబాయి పోపేరెకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. వీరెవరూ విత్తన కంపెనీలు పెట్టలేదు. అలాగని తమ పొలం గింజ తామే వాడుకుని ఊరుకున్నవారూ కారు.

పేరు రాస్తే బ్రాండేనా?

ఇక్కడే అసలు సందేహం. పది మంది రైతులు కలిసి కొర్ర విత్తనం శుభ్రం చేసి, కిలో సంచుల్లో కట్టి, పైన సంఘం పేరు, ఊరి పేరు రాశారనుకోండి. అది బ్రాండా, చిరునామానా? శుభ్రం చేసిన చోటు శుద్ధి యూనిట్ అవుతుందా? సంతలో బల్ల వేసి అమ్మితే డీలరా? రైతు ఒక్కడే అమ్మితే మినహాయింపు ఉంది. పది మంది కలిస్తే, ఉత్పత్తిదారుల సంఘంగా రిజిస్టరు అయితే ఏమిటి? సంఘాలను కూడా పెద్ద కంపెనీలతో ఒకే గాటన కడుతున్నారన్నది నాటు విత్తనాల పరిరక్షకుల ప్రధాన అభ్యంతరం. కంపెనీకి కంప్యూటర్లు, గుమాస్తాలు, లాయర్లు ఉంటారు. సంఘానికి ఉండేది ఒక నోటుబుక్కు, ఒక తూకం.

పేరు రాయకుండా అమ్మితే సరిపోదా అంటే అదీ కుదరదు. ఎవరు పండించారో, ఏ ఏడాదిదో రాస్తేనే కొన్నవాడికి నమ్మకం. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలిచినప్పుడు అడగడానికి మనిషి ఉండాలి కదా!

దీనికి దారి మన చట్టాల్లోనే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ కూడా రైతు బ్రాండు విత్తనం అమ్మకూడదనే చెబుతుంది. అయితే బ్రాండు అంటే ఏమిటో అక్కడే వివరించింది. విత్తనాన్ని సంచిలో కట్టి, అది ఆ చట్టం కింద రక్షణ పొందిన రకమని తెలిపేలా లేబుల్ వేస్తేనే బ్రాండు. ఆ లెక్కన ఎవరి రక్షణా లేని కొర్రల సంచి మీద ఊరి పేరు రాసుకుంటే తప్పు కాదు. 'రైతు' అన్న మాటకూ ఆ చట్టంలో విశాలమైన అర్థం ఉంది. సంప్రదాయ రకాలను ఒంటరిగా గానీ, ఇతరులతో కలిసి గానీ కాపాడేవారు కూడా రైతులే.

ఆ సెక్షన్ కాగితాల మీద పులి కాదని 2019లో తేలింది. తాము హక్కులు పొందిన బంగాళదుంప రకం వేశారంటూ పెప్సికో సంస్థ గుజరాత్‌లో రైతుల మీద కేసులు పెట్టింది. నలుగురి మీద తలా కోటి రూపాయలకు పైగా దావా వేసింది. రైతు సంఘాలు 39వ సెక్షన్ చూపి నిలదీశాయి. ఆ ఏడాది మే నెలలో సంస్థ కేసులు వెనక్కి తీసుకుంది. మాట స్పష్టంగా రాసి ఉంటే రైతుకు అంత బలం. విత్తన చట్టంలోనూ అదే వివరణ పెడితే సగం భయం తీరుతుంది.

ఎల్ల దాటితే ఎవరిని అడగాలి?

సరిహద్దు రైతుకు ఇంకో తలనొప్పి. పొలం ఒక రాష్ట్రం, కొట్టు ఇంకో రాష్ట్రం. సిరోంచ రైతు గోదావరి దాటి తెలంగాణలో కొంటాడు. యానాం రైతుకు చుట్టూ ఉన్నది ఆంధ్రా కొట్లే, ప్రభుత్వం మాత్రం పుదుచ్చేరి. విత్తనం మొలవకపోతే ఇక్కడి అధికారి అక్కడ అడగమంటాడు, అక్కడి అధికారి ఇక్కడ అడగమంటాడు. క్యూఆర్ కోడ్ సరిగా అమలైతే ఈ తిప్పట కొంత తగ్గవచ్చు. పంట పోయిన రైతుకు త్వరగా పరిహారం ఇప్పించే ఏర్పాటు ముసాయిదాలో లేదన్నది మాత్రం రైతు సంఘాల విమర్శ. జరిమానా సర్కారు ఖాతాకు పోతే రైతుకు ఒరిగేదేమిటన్నది వారి ప్రశ్న.

ధర మాటా ఉంది. బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్ ఒకప్పుడు 1,850 రూపాయలు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. ధర 750 రూపాయలకు దిగింది. 2007లో పత్తి విత్తనాల మీద సొంత చట్టం కూడా చేసుకుంది. రాష్ట్రాలకు పట్టు ఉంటే ఏం చేయొచ్చో చూపిన ఉదాహరణ అది. కొత్త ముసాయిదాలో కొరత, విపరీతమైన పెరుగుదల వంటి అత్యవసర పరిస్థితుల్లో ధర నియంత్రించే అధికారం కేంద్రం చేతిలో పెట్టారు. కేంద్రం గుర్తించిన పెద్ద కంపెనీలకు రాష్ట్రాల్లో విడిగా అనుమతులు అక్కర్లేకుండా చేసే ఏర్పాటూ ఉంది. రాష్ట్రాల పట్టు సడలుతుందన్న వాదన అందుకే.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

* విత్తనం ఏ రాష్ట్రంలో కొన్నా బిల్లు అడిగి తీసుకోవాలి. లాట్ నంబరు బిల్లు మీద ఉండాలి. ఖాళీ సంచి, ట్యాగు పంట చేతికొచ్చేదాకా దాచాలి.

* మొలక రాకపోతే దున్నేయక ముందే వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా చెప్పి పొలం చూపించాలి. ఫొటోలు తీసి ఉంచుకోవాలి.

* వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం తాను ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కొట్టు పక్క రాష్ట్రంలో ఉన్నా ఫర్వాలేదు. గడువు రెండేళ్లు. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు.

* విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. పరీక్షకని రైతు కొంత విత్తనం పక్కన దాచి ఉండాలని ఆశించడం సరికాదనీ చెప్పింది.

* నాటు విత్తనం పంచే సంఘాలు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నదీ, ఎవరికి ఇచ్చిందీ, రకం పేరు, ఏడాది రాసి పెట్టుకోవాలి. ఏ చట్టం వచ్చినా ఆ పుస్తకమే సాక్ష్యం.

రైతు అంటే ఎవరు, బ్రాండు అంటే ఏమిటి, పంట పోతే డబ్బు ఎవరిస్తారు? బిల్లు ఏ రూపంలో వచ్చినా ముందు వెతకాల్సినవి ఈ మూడు జవాబులు. తమ పార్లమెంటు సభ్యుడిని అడగాల్సినవీ ఇవే. కన్నడంలో అడిగినా, ఒడియాలో అడిగినా, తెలుగులో అడిగినా ప్రశ్న ఒక్కటే. సంఘం కొలిచి ఇచ్చే మానెడు కొర్రలకూ, కంపెనీ లారీల్లో పంపే విత్తనానికీ ఒకే కొలత పెడతారా?