వార్తల్లో పదం: వంగడ హక్కు

కొత్త వంగడాన్ని రూపొందించినవారికి దాని విత్తనాన్ని ఉత్పత్తి చేసి అమ్ముకునేందుకు చట్టం కొంతకాలం ఇచ్చే ప్రత్యేక హక్కు ఇది. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద వస్తుంది. పంటలకు గడువు 15 ఏళ్లు. తాండూరు ప్రాంతంలోని బషీరాబాద్ కంది రైతు దీన్ని భౌగోళిక గుర్తింపుతో కలగలిపి చూడకూడదు. తాండూరు కందికి 2022లో దక్కిన ఆ గుర్తింపు పేరుకే రక్షణ, విత్తనం జోలికి పోదు.

ఈ హక్కును ఎవరిమీద ప్రయోగించాలన్నదే అసలు పేచీ. తన వంగడమైన ఎఫ్‌ఎల్ 2027 బంగాళాదుంప పండించారంటూ 2019లో పెప్సీకో గుజరాత్ రైతులపై కోర్టుకెక్కింది. కొందరి నుంచి కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగి, గొడవ ముదిరాక దావాలు వెనక్కి తీసుకుంది. 2001 చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, పక్కవారితో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండ్ పేరుతో సంచి కట్టి అమ్మకూడదు, అంతే. ఇలాగైతే ఏళ్ల తరబడి పరిశోధన చేసేదెవరని కంపెనీలు అడుగుతాయి. సబబైన ప్రశ్నే. కానీ కంది పూత మీద వాలే తేనెటీగలు రకాలను కలిపేస్తాయి. ఇంటి విత్తనం కొన్నేళ్లకు కల్తీ అయి, రైతు మళ్లీ కొత్తది కొనాల్సి వస్తుంది. వేపాకు వేసి గోనెసంచిలో దాచిన గింజలతో రూపకర్తకు పోయేది స్వల్పం. వేరొకరి వంగడాన్ని తన లేబుల్‌తో టోకుగా అమ్మే వ్యాపారితోనే అసలు నష్టం. దావాలు అక్కడ వేయాలి. అన్నట్టు, రిజిస్టరైన వంగడం రూపకర్త చెప్పినంత దిగుబడి ఇవ్వకపోతే రైతు పరిహారం కోరే వీలూ ఇదే చట్టంలో ఉంది. విత్తన బిల్లు, సంచి మీది లేబుల్ పంట చేతికొచ్చేదాకా పారేయకండి.