మన సర్వరే తెచ్చి ఇస్తే

పలాస–కాశీబుగ్గలో జీడి పరిశ్రమ నడిపే కుటుంబం ఒకటి ఉందనుకుందాం. ఉద్దానం రైతు దగ్గర 80 కిలోల పిక్కల బస్తా ఎంతకు కొన్నారు, గుండు పప్పు ఏ ఊరి షావుకారికి ఎంతకు వేశారు అన్న లెక్కలు బయటి కంపెనీ ఏఐ చేతిలో పెట్టడం వాళ్లకు ఇష్టం లేదు. ఇంజనీరింగ్ చదివిన అబ్బాయి క్లౌడ్‌లో ఒక మెషీన్ అద్దెకు తీసుకుని, ఉచితంగా దొరికే చాట్ అప్లికేషన్‌ను దాని మీద సొంతంగా పెట్టాడు. అందులో అందరికీ నచ్చిన సదుపాయం ఒకటుంది. ఏదైనా వెబ్ లింకు ఇచ్చి ‘ఇందులో ఏముందో చెప్పు’ అంటే చదివి చెబుతుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ లింకును తెరిచేది అడిగినవాడి ఫోను కాదు, సర్వరు. ఆఫీసు రికార్డు గదిలోకి బయటివాళ్లను రానివ్వరు, అటెండరు మాత్రం వెళ్లొస్తుంటాడు. ఫలానా బీరువాలో కాగితం కావాలని ఎవరో చీటీ రాసిస్తే, రాసిందెవరో చూడకుండా అతను తెచ్చి చేతిలో పెట్టాడనుకోండి, గదికి ఎంత గట్టి తాళం ఉంటే ఏం లాభం? సర్వర్‌ చేత ఇలాంటి పని చేయించడాన్ని సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ, పొట్టిగా ఎస్ఎస్ఆర్ఎఫ్ అంటారు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది పెద్ద ముప్పుల జాబితాలో దీనిది పదో స్థానం.

ఇంతకీ లోపల ఏముంటుంది? సొంత ఏఐ పెట్టుకున్నవాళ్లలో చాలామంది మోడల్‌ను నడపడానికి ఒలామా అనే ప్రోగ్రామ్ వాడతారు. అది మామూలుగా అదే మెషీన్‌లో 11434 పోర్టు మీద కూర్చుంటుంది, పాస్‌వర్డు అడగదు. బయటి నుంచి దాన్ని చేరలేరు గనుక పాస్‌వర్డు ఎందుకన్నది ధీమా. కానీ అడిగేది పక్కనే ఉన్న చాట్ అప్లికేషన్ అయినప్పుడు ఆ ధీమా నిలవదు. డేటాబేసు, అడ్మిన్ పేజీ, సర్వరు ఆఫీసులోనే ఉంటే అదే నెట్‌వర్క్‌లోని ప్రింటరు కూడా ఈ కోవలోవే.

అన్నిటికన్నా ఖరీదైన చిరునామా 169.254.169.254. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ క్లౌడ్‌లు మూడింటిలోనూ మెషీన్ తన గురించి తాను తెలుసుకునే చోటు ఇదే, దీన్నే మెటాడేటా సేవ అంటారు. బయటి ప్రపంచానికి ఇది కనిపించదు. మెషీన్‌కు అధికారాలు అప్పగించి ఉంటే, వాటి తాత్కాలిక తాళంచెవులు కూడా ఇక్కడే దొరుకుతాయి. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకుకు జరిగింది ఇదే. సరిగా అమర్చని ఒక ఫైర్‌వాల్ ద్వారా ఈ చిరునామాను అడిగించి, వచ్చిన తాళంచెవులతో అమెజాన్ స్టోరేజీ తెరిచారు. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అంత పెద్ద బ్యాంకుకే తప్పనిది మన జీడి ఆఫీసుకు తప్పుతుందా?

ఏఐ అప్లికేషన్లలోనూ ఇది పుస్తకాల్లోని ముప్పుగానే మిగల్లేదు. నెక్స్ట్‌చాట్ అనే ప్రసిద్ధ చాట్ అప్లికేషన్‌లో, సంభాషణలను వేరేచోట దాచుకోవడానికి పెట్టిన ఒక దారి ఏ చిరునామా ఇచ్చినా తెచ్చి చూపించేసింది. లాగిన్ కూడా అక్కర్లేకపోయింది. 2024 మార్చిలో ఈ సంగతి బయటపెట్టినప్పుడు తీవ్రత 10కి 9.1గా కట్టారు. ఓపెన్ వెబ్‌యూఐ అనే ఇంకో చాట్ అప్లికేషన్‌లో దొరికింది మరో రకం. వెబ్ పేజీని చదివే సదుపాయం ద్వారా, లాగిన్ ఉన్న ఎవరైనా సర్వర్‌ను ఇష్టం వచ్చిన చోటికి పంపగలిగేవారు. 0.6.37 వెర్షన్‌లో సరిదిద్దారు. వాడకం పెరిగిన సాఫ్ట్‌వేర్‌ను పదిమంది తవ్వి చూస్తారు కాబట్టే ఈ లోపాలు బయటపడ్డాయి. ఎవరూ తవ్వని చిన్న ప్రాజెక్టుల సంగతే నాకు ఎక్కువ భయం.

మెషీన్ తనను తాను పిలుచుకునే చిరునామా 127.0.0.1. ‘లింకులో అది ఉంటే ఆపెయ్’ అని రెండు లైన్ల కోడు రాస్తే పోదా అనిపిస్తుంది. పోదు. అదే చిరునామాను 2130706433 అనే ఒకే సంఖ్యగా రాసినా చాలా ప్రోగ్రాములు అర్థం చేసుకుంటాయి. లింకు మంచి బయటి సైటుకే పోయి, అక్కడి నుంచి ‘ఇటు వెళ్లు’ అని లోపలి చిరునామాకు మళ్లించవచ్చు. ఇంకా గడుసు పద్ధతి ఒకటుంది. దాడి చేసేవాడి సొంత డొమైన్ పేరు తనిఖీ వేళ బయటి చిరునామా చూపిస్తుంది, క్షణం తర్వాత తెరిచే వేళ లోపలి చిరునామా చూపిస్తుంది. అందుకే తనిఖీ చేసిన చిరునామాకే కనెక్షన్ కలపాలి, మళ్లింపు జరిగిన ప్రతిసారీ మళ్లీ తనిఖీ చేయాలి.

లాగిన్ మా నలుగురికే ఉంది కదా అన్నా సరిపోదు. లింకులు తనంతట తాను తెరిచే అధికారం ఏఐకి ఇచ్చి ఉంటే, అది చదివే పేజీలోనే ‘ఈ చిరునామా కూడా చూడు’ అని ఎవరైనా రాసిపెట్టవచ్చు. మోడల్‌కు చదవాల్సిన మాటకూ పాటించాల్సిన మాటకూ తేడా నికరంగా తెలియదు. అప్పుడు చీటీ రాసింది బయటివాడు, అందించింది మన అటెండరు.

కాబట్టి కోడును నమ్ముకోవడం కన్నా మెషీన్‌ను కట్టడి చేయడమే మేలు. చాట్ అప్లికేషన్ నుంచి లోపలి నెట్‌వర్క్‌కు, 169.254 చిరునామాకు వెళ్లే దారులను ఫైర్‌వాల్‌లో మూసేయాలి. లింకు చదివే సదుపాయం అవసరం లేకపోతే తీసేయాలి. అమెజాన్ 2019 నవంబరులో తెచ్చిన రెండో వెర్షన్ మెటాడేటా పద్ధతిలో ముందు టోకెన్ అడిగి తీసుకుని, తర్వాత అది చూపించాలి. ఊరికే లింకు తెరిచే దాడులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. పాత మెషీన్లలో దాన్ని తప్పనిసరి చేసుకున్నామో లేదో ఒకసారి చూసుకోవాలి.

చాట్ అప్లికేషన్ లాగ్‌లో 169.254తో మొదలయ్యే లింకు కనిపిస్తే ముందు ఆ మెషీన్‌కు ఇచ్చిన క్లౌడ్ అధికారాలను రద్దు చేయాలి, మరమ్మతు తర్వాత. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సర్వర్లపై దాడి తెలిసిన 6 గంటల్లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.