‘వచ్చు’కు రెండు ముఖాలు

తెలుగులో ‘వచ్చు’ క్రియ మిగతావాటిలా నడవదు. ‘వచ్చాను, వస్తాను’లో ‘వ’ వినిపిస్తుంది. ‘రాను, రాలేదు, రండి’లో దాని జాడే ఉండదు. అయినా రెండూ ఒకే ధాతువు రూపాలు. ఆంధ్ర తీరం వెంబడి దక్షిణానికి పోయి పులికాట్ దాటితే వినిపించే తమిళమే ఇందుకు ఆధారం. అక్కడ ‘వా’ అంటే రా, ‘వందాన్’ అంటే వచ్చాడు, ‘వరువాన్’ అంటే వస్తాడు.

‘వరువాన్’లోని ‘వర్’కు అచ్చు చేరినప్పుడు తెలుగులో ‘ర’ ముందుకు జరిగి ‘వ్రా’ అయింది. ఆపై ‘వ’ జారిపోయి ‘రా’ మిగిలింది. ‘వచ్చు’లో ఈ మార్పు జరగలేదు, అందుకే ‘వ’ నిలిచింది. ఇలాంటి మార్పులను భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువడిన తెలుగు ధాతువుల గ్రంథంలో శాస్త్రీయంగా వివరించారు. తమిళ ‘వరై’కి సాటి తెలుగు మాట ‘వ్రాయు’, నేటి ‘రాయు’. ఇక్కడ నడిమి దశ పాత పుస్తకాల్లో కంటికే కనిపిస్తుంది. ఈ వాదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఇలాగే రూపాలు పొంతన లేనట్టు కనిపించే ఐరిష్ ‘వెళ్ళు’ క్రియది వేరే కథ: వేర్వేరు ధాతువులు కలిసి ఒక క్రియగా ఏర్పడ్డాయి. తెలుగులో ఒక్క ధాతువే ధ్వని మార్పుతో చీలింది. ‘తెచ్చాను, తేను, తే’ కూడా ‘వచ్చు’ బాటలోనివే. తమిళంలో వాటి తోబుట్టువు ‘తా, తరు’.