డేటా అడాప్టర్: తెంచి కలిపే యంత్రాంగం

1990ల వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఒకే పద్ధతిలో నడిచేది. గుమాస్తా ఉదయం ప్రోగ్రామ్ తెరిచినప్పుడు డేటాబేస్ సర్వర్‌తో ఏర్పడిన కనెక్షన్ సాయంత్రం దాకా తెగకుండా ఉండేది. వాడకందారులు పదిమందే ఉన్నచోట ఇది ఇబ్బంది కాలేదు గాని, వెబ్ విస్తరించి వేలమంది ఒక్కసారిగా వచ్చిపడ్డాక, ఒక్కొక్క కనెక్షన్‌కు సర్వర్ కేటాయించవలసిన మెమరీయే మోయలేని బరువైంది. మైక్రోసాఫ్ట్ 1996లో తెచ్చిన ఏడీఓలో, అంటే ప్రోగ్రామ్‌కూ డేటాబేస్‌కూ నడుమ నిలిచే ఇంటర్‌ఫేస్‌లో, వరుసలను కనెక్షన్ నుంచి విడదీసే వీలున్నా, రికార్డ్‌సెట్ అనే ఒకే వస్తువు రెండు విధాలుగానూ పనిచేయవలసి రావడంతో దాని నడక తికమకగా ఉండేది.

2002లో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ తొలి వెర్షన్‌తో వచ్చిన ఏడీఓ డాట్‌నెట్ ఈ చిక్కుముడిని విప్పింది. మెమరీలో పట్టికలను దాచుకునే డేటాసెట్‌కు తనలోని సమాచారం ఏ డేటాబేస్‌ నుంచి వచ్చిందో తెలియదు. ఆ సంగతి తెలిసినది రెంటికీ నడుమ నిలిచే డేటా అడాప్టర్ ఒక్కటే. దాని ఫిల్ అనే ఆదేశం కనెక్షన్ మూసి ఉంటే తానే తెరిచి, వరుసలను చదివి పట్టికలో నింపి, వెంటనే మూసేస్తుంది. ముందే తెరిచి ఉన్నదాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది.

అసలు నేర్పంతా తిరుగు ప్రయాణంలో కనిపిస్తుంది. ప్రతి వరుసా తన ప్రస్తుత విలువతో పాటు మొదట వచ్చిన విలువనూ, తాను మారిందా, కొత్తగా చేరిందా, తొలగిందా అన్న గుర్తునూ దాచుకుంటుంది. సరుకు నిల్వ 40 అని చదివిన ఉద్యోగి దాన్ని 35గా దిద్దినప్పుడు, మొదటి విలువలన్నిటినీ సరిచూసేలా రాసిన ఆదేశంతో అప్‌డేట్ జరిగితే, సర్వర్‌కు వెళ్లే మాట ‘నిల్వ ఇంకా 40గానే ఉంటే 35 చేయి’ అని. ఈలోగా మరొకరు దాన్ని 38 చేసి ఉంటే ఒక్క వరుసా మారదు, అడాప్టర్ వెంటనే దోషాన్ని ప్రకటిస్తుంది. తాళం వేసి ఎవరినీ ఆపకుండానే ఒకరి దిద్దుబాటు మరొకరిదాన్ని చడీచప్పుడు లేకుండా చెరిపేయకుండా కాపాడే ఈ ఏర్పాటు ఈ ఇంటర్‌ఫేస్‌లోకెల్లా గొప్ప ఆలోచన.

అయితే సౌకర్యానికి వెల ఉంది. మెమరీలోని నకలు తెచ్చిన క్షణం నుంచే పాతబడడం మొదలవుతుంది. పైగా ఒక్కో వరుసనూ విడిగా గుర్తించే ప్రాథమిక కీని మనం అడగనిదే అడాప్టర్ తీసుకురాదు. అది లేని పట్టికను రెండోసారి నింపితే అవే వరుసలు మళ్లీ వచ్చి చేరతాయి. వందో వరుస నుంచి ఇరవై చాలని ఫిల్‌కు చెప్పినా, ప్రశ్న మాత్రం మొత్తం ఫలితం కోసమే సర్వర్‌కు వెళుతుంది. అక్కరలేనివి తరవాత వదిలేయబడతాయి.

2008లో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ వచ్చి వరుసలకు బదులు వస్తువులతో ఆలోచించడం నేర్పాక కొత్త ప్రోగ్రామ్‌లలో అడాప్టర్ వాడుక తగ్గింది. 2016లో వెలువడిన డాట్‌నెట్ కొత్త రూపం డాట్‌నెట్ కోర్ తొలి వెర్షన్‌లో దానికి చోటే దక్కలేదు. పాత ప్రోగ్రామ్‌లను కొత్త వేదికకు తరలించడం తేలిక కావాలన్న ఉద్దేశంతో 2017 నాటి 2.0 వెర్షన్‌లో డేటాసెట్‌తో సహా దాన్ని తిరిగి చేర్చారు.