బాణీ ఒకరిది, మాట మరొకరిది

2000లో వెలువడిన ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే రికార్డింగు సాధ్యమయ్యాక, వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు కలిసి పాట కట్టడం చక్కని అభిరుచిగా మారింది. లయ నిమిషానికి 90 దెబ్బలనుకుంటే, ఒక్కో దెబ్బకు సెకనులో మూడింట రెండు వంతుల కాలం పడుతుంది గనుక, ఇద్దరూ ప్రతి దెబ్బకూ మోగే అదే క్లిక్ శబ్దాన్ని చెవిలో వింటూ, ఒకే ఆరంభం నుంచి రికార్డు చేసిన ట్రాకులను, అంటే గొంతుకూ ప్రతి వాద్యానికీ విడివిడిగా ఉండే ఫైళ్లను, పంపుకుంటేనే అవి కలుస్తాయి.

అసలు కష్టమూ, అంతకు మించిన ఆనందమూ సాహిత్యం దగ్గరే ఉన్నాయి: స్వరకర్త తననాలతో పాడి పంపిన బాణీలో సాగే స్వరం మీద గురువు, అంటే రెండు మాత్రల అక్షరం, పడాలి; అక్కడ ఒక మాత్ర పలికే లఘువును పెట్టి సాగదీస్తే ‘పడు’ అన్న మాట ‘పాడు’గా వినిపిస్తుంది కాబట్టి, రచయిత మాట మార్చాలి, లేదా స్వరకర్త స్వరాన్ని కుదించాలి.